కిబ్బుట్జ్: సమత్వమూ, దాని సరిహద్దులూ

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన నూరెకరాలతో భూదానోద్యమం ఆరంభమైంది. ఆ ఉద్యమ నాయకులలో ఒకరైన జయప్రకాశ్ నారాయణ్ 1958లో ఇజ్రాయెల్ వెళ్లి కిబ్బుట్జ్ జీవితాన్ని చూచి మెచ్చుకున్నారు. మన దేశంలో కిబ్బుట్జ్‌ను గురించి వ్యాపించిన సదభిప్రాయానికి ఇటువంటి ప్రశంసలు బలం చేకూర్చాయి.

మెచ్చుకోదగినది లేకపోలేదు. రష్యాలో యూదులు అనుభవించిన హింస వాస్తవం. అటువంటి నేపథ్యం నుండి వచ్చిన పదిమంది పురుషులు, ఇద్దరు స్త్రీలు 1910లో తబరియా సరస్సు దక్షిణాన ఉమ్మ్ జూనీ భూమిలో దెగానియాను నెలకొల్పారు. పని, పంట, వంటశాల అందరివీ కావాలన్నది వారి ఆశయం. మెల్ఫర్డ్ స్పైరో 1956లో ప్రచురించిన గ్రంథం ఇటువంటి పల్లె లోపలి జీవితాన్నే శ్రద్ధగా పరిశీలించింది. కాని చరిత్ర అడుగవలసిన ప్రశ్న వేరు: అంతకుముందు ఆ నేలను దున్నినవారు ఏమయ్యారు?

ఉమ్మడి సాగు పాలస్తీనాకు కొత్త కాదు. అక్కడి అనేక గ్రామాలలో 'ముషాఅ' పద్ధతి ఉండేది. ఊరి భూమి ఉమ్మడిగా ఉండి, రైతులు కొంతకాలానికొకసారి వాటాలు మార్చుకొనేవారు. 1858 నాటి ఉస్మానీ భూచట్టం తరువాత చాలా భూములు పట్టణాల ధనికుల పేర నమోదైనాయి. 1920లలో బైరూత్‌కు చెందిన సుర్సుక్ కుటుంబం మర్జ్ ఇబ్న్ ఆమిర్ మైదానంలోని భూములను అమ్మగా, వాటిని సాగుచేస్తున్న కౌలుదార్లు ఊళ్లు విడువవలసి వచ్చింది. పట్టా ఒకరిది, చెమట మరొకరిది. పెద్దారవీడు ప్రాంతపు కౌలురైతుకు ఈ బాధను విడమరచి చెప్పనక్కరలేదు.

1901లో స్థాపితమైన యూదు జాతీయనిధి తాను కొన్న భూమిని తిరిగి అమ్మదు. దాని కౌలు పత్రాలలో యూదు శ్రమనే వినియోగించాలన్న నిబంధన ఉండేది. అనగా సమత్వం ప్రవేశద్వారం వద్దనే ఆగిపోయింది. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిర్వాసితులైనారు. ఆ ఏడు నవంబరులో కఫ్ర్ బిర్ఇమ్ గ్రామంలోని అరబ్బు క్రైస్తవులను తాత్కాలికమని చెప్పి ఖాళీ చేయించారు. 1949లో వారి భూమిలో బరామ్ కిబ్బుట్జ్ వెలసింది. 1953లో ఊరినే నేలమట్టం చేశారు.

1980లలోని అప్పుల సంక్షోభం తరువాత పెక్కు కిబ్బుట్జులు సమష్టి పద్ధతిని సడలించాయి. 2007లో దెగానియా సైతం హెచ్చుతగ్గుల వేతనాలను అంగీకరించింది. ఈ పతనాన్ని చూచి సంతోషించడం విమర్శ కాదు. మదీనాలో అన్సార్లు ముహాజిర్లకు తమ సంపదలో పాలు ఇచ్చినది స్వేచ్ఛగా. అక్కడ ఇచ్చినవారు ఇల్లు కోల్పోలేదు. భూమిని పంచుకొనే ఏ ప్రయోగానికైనా ఇదే మొదటి పరీక్ష.