నవ్వుల పండగలో లేనివాళ్లు

ముసలాయన ముక్కోపి. పేరు డాన్ సెర్వాందో. క్రిస్మస్‌కి కొడుకు కుటుంబంతో కలిసి సముద్రం ఒడ్డున ఉన్న చుట్టాలింటికి పోతాడు. అక్కడ కోడలి తరపు పెద్దావిడ అలీసియా. ఇద్దరికీ క్షణం పడదు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మెక్సికో హాస్య చిత్రం 'ఉనా నావిదాద్ నో తాన్ పాద్రే' కథ ఇది. 'పాద్రే' అంటే నాన్న. మెక్సికో వీధి భాషలో 'బ్రహ్మాండం' అని కూడా. రెండు భాషల మధ్య బతికే నాలాంటి వాళ్లకు ఇలాంటి శ్లేష దగ్గర కాసేపు ఆగబుద్ధవుతుంది.

మెచ్చాల్సింది ముందు మెచ్చుతాను. హెక్తోర్ బొనిల్లాకి అప్పటికి 82 ఏళ్లు, ఆంజెలికా మరియాకి 77. ముసలివాళ్లను మూలన కూచోబెట్టకుండా కథ వాళ్ల భుజాల మీదే పెట్టారు. బొనిల్లా చిన్నవాడు కాదు. 1968లో త్లతెలోల్కోలో విద్యార్థుల మీద జరిగిన కాల్పుల గురించి 'రోహో అమనేసెర్' తీయడానికి నిర్మాతగా నిలబడ్డవాడు. 2022 నవంబర్‌లో పోయాడు. 2016 నాటి మొదటి భాగంలో వృద్ధాశ్రమం వెళ్లగొట్టిన ఈ సెర్వాందోనే కొడుకింట్లో రకరకాల మనుషులతో సర్దుకోవడం నేర్చుకుంటాడు. నెత్తురు ఒక్కటే కుటుంబం కాదంటుంది సినిమా. సంతోషం.

మరి ఆ రకరకాల్లో ఎవరు లేరు?

కథ నడిపే ముఖాలన్నీ లేత రంగువే. 2020 లెక్కల ప్రకారం మెక్సికోలో ఆదివాసీ భాషలు మాట్లాడేవాళ్లు 73 లక్షలకు పైనే. ఆఫ్రో-మెక్సికన్లమని చెప్పుకున్నవాళ్లు సుమారు 25 లక్షలు. పూర్తి జనగణనలో ఆ ప్రశ్న అడగడమే అది మొదటిసారి! గెరెరో, వహాకా రాష్ట్రాల పసిఫిక్ తీరంలో వాళ్ల ఊళ్లు ఎన్నో. సినిమావాళ్లకు సముద్రం ఒడ్డు సెలవు. వాళ్లకు ఇల్లు.

పాత హాస్యం ఇలా ఉండేది కాదు. 1970ల నుంచి మరియా ఎలేనా వెలాస్కో 'లా ఇండియా మరియా'గా జడలు, రంగు రిబ్బన్లు వేసుకుని, ముక్కలు ముక్కలుగా స్పానిష్ మాట్లాడి జనాన్ని నవ్వించింది. మన సినిమాల్లో సాయిబు 'నంకి, నిమ్కి' అంటే హాలంతా గొల్లుమనేది గుర్తుందా? అదే నవ్వు. నాకు ఒళ్లు మండే నవ్వు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మరియా కథకు నాయిక. పట్నపు దొరలను బోల్తా కొట్టించేది. కొత్త హాస్యానికి మర్యాద తెలుసు, ఎవరి యాసనీ వెక్కిరించదు. వెక్కిరించడానికైనా ఆ మనిషిని లోపలికి రానివ్వాలి కదా!

వస్తే ఎలా వస్తారు? 2018 నాటి 'రోమా'తో యలిత్సా అపారిసియో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. గొప్ప సినిమా, గొప్ప నటన. పాత్ర మాత్రం పనిమనిషి.

సెర్వాందో క్రిస్మస్‌కి వెళ్లిన 2021లోనే అక్కడి నటీనటులు కొందరు 'పొదేర్ ప్రియెతో' పేరుతో ఒక్కటయ్యారు. 'ప్రియెతో' అంటే నల్లవాళ్లను ఈసడించే మాట. దాన్నే జెండా చేసుకున్నారు. నాకైతే ఒక మిష్తెక్ తాత కావాలి. సెర్వాందో లాగే ముక్కోపి. మంచివాడు కానక్కర్లేదు, పేదవాడూ కానక్కర్లేదు. పండగ పూట అందరితో తగవు పెట్టుకుని, తప్పు తనదే అయినా ఒప్పుకోక, చివరికి మనవళ్ల మధ్య కూచుని అన్నం తినాలి.