ఉప్పుగాలిలో పాత కారుకి పాలిష్

అచ్యుతాపురం దాటి పూడిమడక వైపు మళ్లాక ఎక్కడైనా ఒక కారు బానెట్ మీద వేలు పెట్టి లాగి చూడండి. జిడ్డుగా ఏదో తగులుతుంది. దుమ్మనుకుని పొడిగుడ్డతో తుడిచేసేవాళ్లే ఎక్కువ. అది ఉప్పు. అల విరిగినప్పుడు లేచే తుంపర గాలిలోనే ఆరి, కంటికానని రేణువులై ఊరంతా పరుచుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు నీరు లాగి కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ చాలు. విశాఖ తీరాన గాలి అంతకంటే పొడిగా ఉండే రోజు వెతికినా దొరకడం కష్టం. కాబట్టి ఇక్కడ వాకిట్లో నిలిపిన కారుని ఉప్పునీటి తడి ఏడాది పొడవునా వదలదు.

పూడిమడక పెద్ద మత్స్యకార గ్రామం, గాలాలతో ట్యూనా వేటకి పేరున్న ఊరు. ఉప్పునీట తిరిగొచ్చిన ఇంజనుని మంచినీళ్లతో కడగాలని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ఆ తెలివి కారు దగ్గరికొచ్చేసరికి ఎందుకో గుర్తుకు రాదు. మా అత్తవారింటి వెండిరంగు చిన్నకారు అందుకు సాక్ష్యం. నూకాంబిక అమ్మవారి జాతరకి అనకాపల్లి, ఆస్పత్రి పనికి విశాఖ, పెళ్లిళ్లకి యలమంచిలి, ఇలా తిరిగినన్నాళ్లూ తిరిగి, నడిపేవాళ్లు ఉద్యోగాలకి వెళ్లిపోయాక గోడవార చేరింది. కాకిరెట్టలు ఎండి మచ్చలు దిగాయి, లైట్లు పసుపెక్కాయి, టాప్ మీద మెరుపు చచ్చిపోయింది.

"మిషనెట్టి రుద్దితే కొత్తదైపోద్దేటి బావా?" అన్నాడు మా బావమరిది.

కొత్తదవదు. ఎందుకవదో తెలుసుకోవాలంటే ఇదే జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక దాకా వెళ్లిరావాలి. అక్కడ బొమ్మలు చెయ్యడానికి అంకుడు కర్రని లేత్ మీద గిర్రున తిప్పుతూ లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకు పెట్టి అదిమితే నునుపు తేలుతుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కారు పాలిష్‌కి దిగబోయేవాళ్లు ఒక పూట ఆ పని దగ్గర నిలబడి చూస్తే, దుకాణంలో అమ్మే ఏ డబ్బా మీది సూచనలూ చెప్పనిది తెలుస్తుంది. రెండు చోట్లా తిరిగే యంత్రమే, రాపిడే, వేడే. లెక్క మాత్రం తలకిందులు. అక్కడ రాపిడితో పొర ఎక్కుతుంది, ఇక్కడ రాపిడితో పొర దిగుతుంది. అక్కడ వేడి లేకపోతే పనే లేదు, ఇక్కడ వేడి ముదిరితే రంగు కాలుతుంది. లక్క చాలకపోతే కడ్డీ ఇంకోసారి ఆనించొచ్చు. కారు మీద అరిగింది మళ్లీ రాదు.

ఎంత ఉంది అరగడానికి? రేకు మీద తుప్పు ఆపే పొర, దానిమీద ప్రైమరు, తర్వాత రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు. మొత్తం కలిపి 100 మైక్రాన్లకి కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్ కోటు వాటా 35 నుంచి 50. మనిషి తలవెంట్రుకే సుమారు 70 మైక్రాన్ల మందం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే రసాయనాలు ఆ పలచటి పారదర్శక పొరలోనే ఉన్నాయి. తేలికపాటి పాలిష్ ఒక మైక్రాన్ లోపే తీస్తుంది, మొరటు కాంపౌండ్ అయితే రెండు మూడు, చెయ్యి బరువైతే ఇంకా ఎక్కువ. పండక్కోసారి 'రబ్బింగ్' చేయించే కార్లకి టాప్ మీద పొలుసులు తొందరగా లేస్తున్నాయంటే ఎండతోపాటు ఆ అలవాటుకీ అందులో వాటా ఉంది. పొలుసు లేచిన చోట ఏ మిషనూ పనిచెయ్యదు, మళ్లీ పెయింట్ కొట్టించడమే.

ఒక్కమాట, తీరంలో ఉన్నవాళ్ల కోసం. ఫైబర్ బోటు పైపొరని జెల్ కోటు అంటారు. అది అర మిల్లీమీటరు దాకా ఉంటుంది, అంటే కారు క్లియర్ కోటుకి పది రెట్లు. బోటుకి వాడే కాంపౌండ్ ఇంట్లో ఉంది కదా అని కారు మీదికి తేకండి.

క్లియర్ కోటు లేని కార్లూ ఉన్నాయి. మోటారు కార్ల తొలి రోజుల్లో కుంచెతో వార్నిష్ వేసి, పొర పొరకీ ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1920లలో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ డ్యూకో అనే చురుగ్గా ఆరే లాకర్ తెచ్చాక పని వేగం మారిపోయింది. ఇప్పటికీ మన షెడ్లలో ఏ కంపెనీ రంగునైనా డ్యూకో అనే అంటారు. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800లో పాత తెల్ల బళ్లకీ, అంబాసిడర్లకీ చాలావరకు రంగే పైపొర. తెలుసుకోవడం సులువు: మరుగున ఉన్న చోట చిటికెడు పాలిష్ పెట్టి గుడ్డతో రుద్దాలి. గుడ్డకి కారు రంగు అంటితే క్లియర్ కోటు లేనట్టు. తెల్ల కారుకైతే నల్లగుడ్డతో చూడాలి. వెండిరంగులాంటి మెటాలిక్ రంగులకి మాత్రం సాధారణంగా క్లియర్ కోటు ఉంటుంది.

మిషన్ చేతికి రాకముందే సగం ఫలితం తేలిపోతుంది. కడగడం దగ్గర. మన ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో మామూలు ఇసుకతోపాటు గార్నెట్, ఇల్మెనైట్ కూడా కలిసి ఉంటాయి. తడి ఇసుకలో నల్లగా, ఎర్రగా చారలు కనిపించేవి అవే. గార్నెట్‌తో గరుకు కాగితం చేస్తారు. అలాంటి ఇసుక కూర్చున్న కారుని పొడిగుడ్డతో తుడిచేవాడు తన చేత్తో తానే గరుకు కాగితం పడుతున్నాడు. ఎండలో బానెట్ చూస్తే సూర్యుడి చుట్టూ సాలెగూడులా వలయాలు కనిపిస్తాయి కదా, అవి నిజానికి గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులా పడ్డ సన్న గీతల్లో వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి, అందుకని గుండ్రంగా తోస్తాయి. తీసెయ్యాలనుకుంటున్నది ఆ గీతల్నే. వాటిలో ఎక్కువ భాగం పెట్టింది మన గుడ్డే.

అందుకని ముందు చెయ్యి తగలకుండా నీళ్లు. ధారాళంగా, పైనుంచి కిందికి, చక్రాల పైభాగాల లోపలికి, బండి అడుగుకి. ఉప్పు నీటికి కరుగుతుంది కాబట్టి ఈ ఒక్క పనిలోనే చాలా పోతుంది. కానీ ఏ నీళ్లు? సముద్రం పక్కన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. ఉప్పు కడగడానికి ఉప్పునీళ్లు వాడి, ఎండలో వదిలేస్తే ఆరిన ప్రతి చుక్కా తెల్లటి ముద్ర వేసిపోతుంది. ఆఖరి కడుగు అయినా తాగే నీళ్లతో చేసి, వెంటనే మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి తడి లాగెయ్యాలి. బట్టల సబ్బుపొడి వద్దు, కార్ షాంపూ కావాలి. బకెట్లు రెండు: ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. టాప్ నుంచి మొదలెట్టి కింది అంచులు చివర్న. ఇంత చాదస్తం అవసరమా అనిపిస్తుంది. జాడించిన బకెట్ అడుగున పేరుకున్న ఇసుక చూశాక అనిపించదు.

కడిగి ఆరబెట్టిన కారు మీద ప్లాస్టిక్ సంచీ తొడిగిన చెయ్యి పెట్టి నెమ్మదిగా జరిపితే గరగర తెలుస్తుంది. పైపొరలో దిగబడిపోయిన రేణువులు అవి. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అందులో ముఖ్యం. ఇనుము తీసే ద్రావణం చల్లితే అది ఇనుముతో కలిసి ఊదారంగులో కారుతుంది, చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ రంగుకి ఏమీ కాదు. దాని తర్వాత క్లే. ఇది మెత్తటి రబ్బరు మట్టిలాంటి ముద్ద. జారుడు నీళ్లు చల్లుకుంటూ బరువు వెయ్యకుండా జరుపుతుంటే మిగిలిన గరుకంతా దానికి అంటుకుంటుంది, మడత పెట్టి కొత్త ముఖం వాడుకోవాలి. కిందపడితే ఆ ముక్క అవతల పారెయ్యాల్సిందే, పూడిమడక నేల మీద పడ్డ క్లే గురించి చెప్పక్కర్లేదు.

ఇక మిషన్. రెండు రకాలు. షెడ్లలో ఎక్కువగా కనిపించేది రోటరీ, ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. పనితనం ఉన్నవాడి చేతిలో అది అద్భుతమే, కానీ ఒక చోట క్షణం ఎక్కువ ఆగిందంటే వేడి పోగై అంచుల దగ్గర రంగు ఎగిరిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లకి కావలసింది డ్యూయల్ యాక్షన్. దాని ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకి కూడా కదులుతుంది. గట్టిగా అదిమితే తిరగడమే మానేస్తుంది. అతి చెయ్యనివ్వని గుణం అది. ప్యాడ్ వెనక పళ్లెం మీద పెన్నుతో ఒక గీత గీసుకుంటే, తిరుగుతోందో ఊరికే వణుకుతోందో కనిపెట్టొచ్చు.

మొదలుపెట్టే ముందు రబ్బరు అంచులు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, రేకు మడతల శిఖరాలు అన్నిటికీ టేపు అంటించాలి. మడత మీద రంగు మిగతా చోట్లకంటే పలచన. పని నీడలో, రేకు చల్లబడ్డాక. ఇక్కడ మధ్యాహ్నం గాలి ఇసుక మోసుకొస్తుంది, కాబట్టి తెల్లవారుజామునే చెయ్యడం, మూడువైపులా మూసిన కొట్టం దొరికితే అందులో చెయ్యడం మంచిది.

తర్వాత నేనైతే అన్నిటికంటే విలువిచ్చే అడుగు: పరీక్షించుకునే చోటు. బానెట్ మీద రెండడుగుల చదరం చాలు. మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్‌తోనే మొదలుపెట్టాలి. మూడు నాలుగు బొట్లు పెట్టి, తక్కువ వేగంలో పరిచి, ఆపైన వేగం పెంచి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, ముందు వరుసని సగం కప్పుతూ, నిదానంగా. తుడిచి, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడవాలి, ఎందుకంటే పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి అవి పోయినట్టు భ్రమ పెడతాయి. అప్పుడు టార్చిలైటు పక్కనుంచి పట్టి చూడాలి. గీతలు పోతే కారంతా అదే పద్ధతి. పోకపోతేనే ఒక మెట్టు గట్టి ప్యాడ్, ఒక మెట్టు మొరటు కాంపౌండ్. గట్టిదానితో మొదలుపెట్టి మెత్తబడదామనుకునేవాళ్లు అక్కర్లేని మైక్రాన్లు ఖర్చు పెడతారు.

కాకిరెట్ట మచ్చల దగ్గర మనసు గట్టి చేసుకోవాలి. రెట్టలోని యూరిక్ ఆమ్లం ఎండవేడికి పైపొరని తినేసి గుంట చేస్తుంది. గుంట అడుగు దాకా చుట్టూ ఉన్నదంతా దించితే మచ్చ పోతుంది, పొరా పోతుంది. అంచులు మెత్తబడేదాకా చేసి వదిలెయ్యడమే పని తెలిసినవాడి లక్షణం. గోటికి తగిలే గీతలకీ ఇంతే. పాత కారు మీద నూటికి ఎనభై గీతలు పోతే, మిగిలిన ఇరవై కోసం ఆశపడకుండా వదిలేసిన కారే ఇంకో పదేళ్లు ఎండకి తట్టుకుంటుందని నా నమ్మకం. నూటికి నూరు కావాలనేవాళ్లు పోటీల్లో పెట్టే కార్లకి చేసుకోవచ్చు.

లైట్ల పని చిన్నదే. పాలికార్బనేట్ పైనున్న రక్షణ పూత పోయి పసుపెక్కుతుంది. 1000, 2000, 3000 నంబరు గరుకు కాగితాలతో తడిపి రుద్ది, పాలిష్ పెడితే తేటబడుతుంది. మళ్లీ అతినీలలోహిత కిరణాల్ని ఆపే పూత వెయ్యకపోతే కొన్ని నెలల్లో పాత కథే.

లోపలి సంగతి. తీరంలో కుటుంబం కారంటే అందులో ఎప్పుడో ఒకప్పుడు చేపల బుట్ట ఎక్కే ఉంటుంది. ఆ వాసనకి అసలు కారణం ట్రైమిథైల్ అమీన్ అనే క్షారం. సముద్రపు చేప ఒంట్లోని ఒక పదార్థం నుంచి బ్యాక్టీరియా దాన్ని పుట్టిస్తుంది. క్షారానికి విరుగుడు ఆమ్లం. చేపల పులుసులో చింతపండు చేసే పనుల్లో అదొకటి. డాష్‌బోర్డు మీద పెట్టే సెంటు డబ్బా చెయ్యలేనిది, మ్యాట్ల మీద నీళ్లు కలిపిన వెనిగర్ చేస్తుంది. ముందు ఇసుకంతా వాక్యూమ్‌తో లాగి, సీటు పట్టాల సందులు బ్రష్‌తో దులిపి, ఆ తర్వాత వెనిగర్ నీళ్లు, ఆఖర్న తలుపులు తీసి బాగా ఆరబెట్టడం. తడి మిగిలితే బూజు పడుతుంది.

పాలిష్ అయిన రంగు ఉత్త ఒంటితో ఉన్నట్టు లెక్క, దానిమీద ఏదో ఒక కవచం పడాలి. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం అందంగా మెరుస్తుంది, మన ఎండలో వారాల్లో పోతుంది. సింథటిక్ సీలెంట్ నెలలు నిలుస్తుంది. సిరామిక్ కోటింగ్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, కానీ '9హెచ్' అని గొప్పగా రాసేది పెన్సిల్ గీత పరీక్షలో కాఠిన్యం గురించే, ఇసుకకి అది లొంగదని కాదు. పూడిమడకలాంటి చోట నేను సీలెంటుకే ఓటేస్తాను. అయిపోయినప్పుడల్లా ఇంటివాళ్లే అరపూటలో మళ్లీ పెట్టుకోవచ్చు. కవరు కప్పడం మాత్రం వద్దు. గాలికి కొట్టుకునే కవరు, దాని కిందికి చేరిన ఇసుకతో రోజంతా రంగుని రుద్దుతూనే ఉంటుంది. నాలుగు రేకుల నీడ నయం.

ఇంత చేసినా మా అత్తవారింటి కారుకి అసలు ప్రమాదం మెరిసే చోట లేదు. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి చిన్న చిల్లులుంటాయి. ఇసుకా ఉప్పూ చేరి అవి మూసుకుపోతే లోపల తడి నిలిచి రేకు లోపల్నుంచి తినేస్తుంది. పుల్లతో వాటిని తెరిచి, మంచినీళ్లు పోసి, ఆరాక లోపలికి తుప్పు ఆపే మైనం కొట్టాలి. వెనక చక్రం పైన రంగు కింద ఒక బుడగ లేచి ఉంది. దాని మీద ప్యాడ్ పెట్టొద్దని బావమరిదికి చెప్పి, చుట్టూ టేపు అంటించాం. బుడగ అంటే కింద తుప్పు అప్పటికే పనిలో ఉన్నట్టు. అది అచ్యుతాపురంలో టింకరింగ్ షెడ్డుకి వెళ్లాలి: గీకి, తుప్పు తీసి, ప్రైమరు కొట్టి, రంగు వెయ్యాలి. అదీ వానలు మొదలయ్యేలోపు.