ట్రంకు పెట్టెలో లేని కాగితం

మరమగ్గాల మధ్య బతికినవాళ్లకు ముసలితనం ముందు చెవుల్లో మొదలవుతుంది. మా నగరిలో ఏకాంబరకుప్పం, సత్రవాడ వీధుల్లో అరుగుల మీది పెద్దోళ్లు అంత గట్టిగా ఎందుకు మాట్లాడుకుంటారో ఆ చప్పుడులో కాసేపు నిలబడితే తెలుస్తుంది. తర్వాత కళ్లు. కొత్త పడుగు పోగుల్ని పాత కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అచ్చు అతకడం ఒకప్పుడు లాంతరు వెలుతురులో చేసిన పని. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా నాకు పోగు ఆనదు. మోకాళ్ల సంగతి వదిలేయండి, అవి అందరికీ పోయేవే.

మా అరుగు మీద చావు మాటెత్తడానికి ఎవరికీ బెదురు లేదు. పలకలెవరు కొట్టాలి, దినాలకు ఏం వండాలి అన్నీ నవ్వుతూనే మాట్లాడుకుంటాం. ఈ ధైర్యం మా అవ్వల దగ్గర్నుంచి వచ్చింది. మా అవ్వ ట్రంకు పెట్టె అడుగున కట్టని కొత్త చీర ఒకటి, చావు ఖర్చుకని మూటగట్టిన డబ్బు ఉండేవి. ఏడాదికోసారి ఆ చీరను ఎండలో వేసి మళ్లీ మడతపెట్టేది. అమ్మ అశుభమని కసిరేది. "నేను పోయిన పొద్దు మీరు అంగళ్లెంట పరిగెత్తే పని లేదులేమ్మీ" అనేది అవ్వ, తాపీగా.

అవ్వ తయారీ అంతా పోయిన తర్వాతి సంగతికే. పోయేముందు రోజులకు తయారీ అక్కర్లేదు అప్పట్లో. మంచం పట్టింది, గంజి దిగడం మానింది, నోట్లో తులసి నీళ్లు పోశాం. అంతే. వేరే దారి లేదు కాబట్టి తేల్చుకోవాల్సిందీ లేదు.

ఇప్పుడు దారులున్నాయి. ఇటు తిరుపతి, అటు వేలూరు, కిందికి మద్రాసు. ఆ దారుల్ని నేను తిట్టను. గుండెలో స్టెంటు పెట్టుకుని ఈ కాలమ్ రాస్తున్నవాణ్ణి. కానీ మా అరుగు నేస్తం ఒకాయన మద్రాసు ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు, పెద్దోడు తీసేద్దామన్నాడు, చిన్నోడు కాదన్నాడు. ఆయన పోయాక కూడా అన్నదమ్ములకు మాటల్లేవు. తన పాడెకు ఏ పూలు కట్టాలో చెప్పిన మనిషి, ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చెప్పే దారి చట్టంలో ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని లాగిపట్టే యంత్రాలు వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. మొదట్లో ఆ కాగితం మీద మేజిస్ట్రేటు సంతకం కావాల్సి ఉండేది. ముసలి ప్రాణానికి కోర్టు మెట్లా! 2023 జనవరిలో ఆ పద్ధతి మార్చి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరణ చేయిస్తే చాలన్నారు. మన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు అందులో రాయాలి. అప్పుడైనా పిల్లల మాట మీదే తీసెయ్యరు. ఆస్పత్రిలో డాక్టర్ల బోర్డు ఒకటి చూసి చెప్పాలి, దాని మీద రెండో బోర్డు కూడా ఒప్పుకోవాలి. మనసు మారితే మనం ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఇంజక్షనిచ్చి చంపడం వేరు, అది ఈ దేశంలో ఇప్పటికీ నేరమే.

నేను రాశాను. ఆశ లేదని డాక్టర్లు తేల్చాక యంత్రాలు వద్దు, నొప్పి తెలియకుండా మందులు మాత్రం ఆపొద్దు, వీలైతే నగరికి తీసుకురండి. ఇంతే. నా తరఫున మాట్లాడేది మా అమ్మాయి. కొడుకు పేరు ఎందుకు రాయలేదని అరుగు మీద అడిగారు. వాడు నన్ను వదల్లేడు, అందుకే.

ఇంటి జాగాకు, మగ్గాల షెడ్డుకు వీలునామా రాయడం మనోళ్లకు తెలుసు. దానికీ ఇద్దరు సాక్షులే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ వీలునామా తెరిచేది మనం పోయాకే. ఈ కాగితం పనికొచ్చేది ఊపిరి ఉండగానే, కాబట్టి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. ఒక కాపీ మీ డాక్టరుకు ఇవ్వండి. ఇంకొకటి, సంక్రాంతికి పిల్లలు ఊరికొచ్చినప్పుడు అందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించి, వాళ్ల చేతికివ్వండి.