రెండో బొమ్మ

దిష్టిబొమ్మకు వరిగడ్డే మేలు. మక్క చొప్ప నిటారుగా నిలబడుతుంది కానీ చేతులు వంగవు, తొందరగా అంటుకోదు. పాత ప్యాంటు కాళ్ళ కొసలను సుతిలితో బిగించి కట్టి, గడ్డిని పిడికిలి పిడికిలిగా కూరాలి. వెన్నెముకకు ఒక వెదురు బొంగు, భుజాలకు అడ్డంగా ఇంకొకటి. నడుము దగ్గర వదులైతే ఊరేగింపు సగంలో ప్యాంటు జారుతుంది. అప్పుడు జనం నవ్వేది బొమ్మను చూసి కాదు, మోసేవాళ్ళను చూసి. తలకు కుండ పెట్టడం మా పెద్దల కాలం నాటి ముచ్చట. మేము సంచిలో గడ్డి కుక్కి, మీద ఫోటో అతికించేవాళ్ళం.

ఎల్లారెడ్డిపేట మండలంలో ఇరవై ఏళ్ళకు పైగా జెండా మోసిన నాకు ఈ పనిలో మంచి పేరే ఉండేది. పదిర నుంచో దుమాల నుంచో బండి మీద వచ్చి, బొమ్మ కట్టించుకొని పోయేవాళ్ళు. నా కండువా రంగు మాత్రం ఇక్కడ చెప్పను. చెబితే మీలో సగం మంది పేజీ తిప్పేస్తారు, మిగతా సగం నేను రాసిన ప్రతి మాటకూ చప్పట్లు కొడతారు. రెండూ నాకు అక్కర్లేదు.

బొమ్మ కాలడం పోలీసులకు ఇష్టముండదు. చౌరస్తాకు చేరగానే మీద పడి లాక్కుంటారు. ఒక కాలు వాళ్ళ చేతిలో, ఒక చెయ్యి మా చేతిలో, గడ్డి రోడ్డు నిండా. మరునాడు జిల్లా పేజీలో ఆ గుంజులాట ఫోటోనే వచ్చేది. కాలిన బొమ్మ కన్నా అదే బాగుండేది కూడా. కానీ మంట పెట్టకుండా ఇంటికి పోతే కార్యకర్తకు తిన్నది అరగదు. అందుకే రెండు బొమ్మలు కట్టేవాళ్ళం. మొదటిది నినాదాలతో నడిరోడ్డు మీద వస్తుంది. రెండోది ఎవరిదో ట్రాలీ ఆటోలో దాణా సంచుల కింద పడుకొని ఉంటుంది. మొదటిదాన్ని జీపులో వేసుకొని వాళ్ళు చెమట తుడుచుకునేలోపు రెండోది భగ్గున లేచేది. మూడుసార్లు పారింది ఈ ఎత్తు. నాలుగోసారి హెడ్ కానిస్టేబుల్ మొదటి బొమ్మ నడుము పట్టుకుంటూనే అడిగాడు. "రెండోది యాడున్నదన్నా? జర చెప్పు, నాకు బందోబస్తు ఇంకో కాడ కూడ ఉన్నది."

ప్రతిపక్షమంటే సిద్ధాంతం, పోరాటం అని ఉపన్యాసాల్లో వింటాం. నాకు తెలిసిన ప్రతిపక్షంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద, కొనుగోలు కేంద్రంలో తడిసిన వడ్ల పక్కన, అన్నిటికంటే ఎక్కువగా ఠాణా బెంచీ మీద.

కామారెడ్డి నుంచి సిరిసిల్ల మీదుగా కరీంనగర్ పోయే రోడ్డు మా ఊరి నడుమ నుంచే పోతుంది. పెద్ద నాయకుడు ఎవరు ఆ దారిన వస్తున్నా, ఎక్కడ అడ్డం పడతామోనని తెల్లారకముందే మమ్మల్ని తీసుకుపోయేవాళ్ళు. ముందస్తు అరెస్టు. సీఆర్పీసీలో దానికి 151 సెక్షన్, 24 గంటలకు మించి ఉంచరాదు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 170 అయింది. నంబరు మారింది కానీ తలుపు తట్టే యాళ్ల మారలేదు. కానిస్టేబుల్ అరవడు, బెదిరించడు. గేటు బయట బండి ఆపి, "అన్నా, సార్ ఒక్కసారి రమ్మంటుండు" అంటాడు. ఆ ఒక్కసారి ఎంతసేపో మా ఇంటామెకు తెలుసు. బీపీ గోలీలు, తువ్వాల, చార్జరు ఉన్న సంచి తలుపు వెనక కొక్కేనికి ఎప్పుడూ వేలాడుతూ ఉండేది.

ఒక పొద్దున పక్క మండలం ఠాణాలో పదకొండు మందిమి తేలాం. నాయకుడి హెలికాప్టర్ దిగేది మధ్యాహ్నం, మేమేమో అయిదున్నరకే హాజరు. వేపచెట్టు కింద పట్టుబడిన బండ్లు, వాటి సీట్ల మీద కోళ్ళు. మాలో సాంచలు నడిపే తమ్ముడొకడు ఉన్నాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. రాత్రి పాళీ దిగి ఇంటికి పోతుంటే దారిలోనే ఎక్కించుకొచ్చారు. నిద్ర లేదు, జుట్టు నిండా నూలు దుమ్ము. బెంచీ మీద కూర్చున్నట్టే కూర్చొని నా భుజం మీద వాలి గురక పెట్టాడు. మళ్ళీ రాత్రి పాళీకి అందుతాడో లేదో తెలియదు. నేసిన మీటర్లను బట్టి కూలి, సాంచా ఆగితే పైసా రాదు. మేమందరం యాభై, వంద వేసుకొని వాడి జేబులో కుక్కాం. లేచాక చూసుకొని గరమయ్యాడు. "నేనేమన్న కూలికొచ్చిన్నానే పార్టీకి?" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ పైసలతోనే అందరికీ ఉప్మా, చాయ్ తెప్పించాం. సెంట్రీకి కూడా. వాడు తిన్నాడు, రెండోసారి చట్నీ కూడా అడిగాడు.

ఆ బెంచీ మీద ఒక పెద్దాయన ఉండేవాడు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజుల్లో ఆయన పడుచు పిల్లగాడు. మా సంచులు, మా చార్జర్లు చూసి ముక్కు చీదేవాడు. "గిది అరెస్టారా? సుట్టపుచూపు." అప్పుడేం జరిగిందో అడిగితే మాత్రం చెప్పేవాడు కాదు. బీడీ ముట్టించి చెట్టు కిందికి నడిచేవాడు.

ఓట్ల పని ఇంకో తీరు. దానికి గొంతు కన్నా చూపు కావాలి. అసెంబ్లీ ఎన్నికలకు మాక్ పోల్ గంటన్నర ముందే మొదలవుతుంది. ఏడింటికి పోలింగ్ అంటే అయిదున్నరకు ఏజెంటు బూత్‌లో ఉండాలి. కనీసం యాభై ఓట్లు వేసి చూపించి, చెరిపి, సీలు వేస్తారు. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే 17సీ ఫారం కాపీ చేతికి వచ్చేదాకా కుర్చీ వదలొద్దు. మేము ఓడిపోతామని మాకే గట్టిగా తెలిసిన బూత్‌లో కూడా పొద్దంతా కూర్చొని, వరుస నంబర్లు టిక్కు పెట్టేవాణ్ణి. ఎందుకంత తిప్పలంటే, 2009లో సిరిసిల్లలో కేటీఆర్ మొదటిసారి గెలిచింది 171 ఓట్ల తేడాతో. బూత్‌కు ఒక్క ఓటు అటు నుంచి ఇటు జరిగితే చరిత్ర వేరేగా ఉండేది. ఆ అంకె గెలిచినవాళ్ళనూ ఓడినవాళ్ళనూ ఏళ్ళ తరబడి నిద్రపోనివ్వలేదు. ఎదుటి పార్టీ ఏజెంటు వరుసకు నాకు మామ. ఇంటి నుంచి ఒకే గిన్నెలో పులిహోర వచ్చేది, ఇద్దరం తినేవాళ్ళం. ఓటరు ముసుగు తీయలేదని అభ్యంతరం చెప్పుకునేది కూడా ఆ గిన్నె మీదుగానే.

చుట్టాలు చెరో పార్టీలో ఉండడం ఇక్కడ వింతేమీ కాదు. సిరిసిల్ల నుంచి పలుమార్లు గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు చెన్నమనేని రాజేశ్వర్‌రావు తమ్ముడు విద్యాసాగర్‌రావు బీజేపీలో కేంద్ర సహాయమంత్రి అయ్యాడు, తర్వాత మహారాష్ట్ర గవర్నర్ అయ్యాడు. ఒకే ఇంట్లో ఎరుపూ కాషాయమూ పుట్టిన నేల ఇది. సర్పంచ్ ఎన్నికల్లో అయితే పార్టీ గుర్తులే ఉండవు, గులాబీ రంగు బ్యాలెట్ మీద ఉంగరమో కత్తెరో. అప్పుడు కండువాలు ఇంట్లో పెట్టి, కులం వరుసలు, ఇంటి వరుసలు బయటికి తీస్తారు. దాని గురించి రాయాలంటే ఇంకో నాలుగు వారాలు కావాలి.

అందరూ ఒకే టెంట్ కింద కూర్చున్న రోజులు కూడా చూశాను. 2016లో కొత్త జిల్లాల ముసాయిదాలో సిరిసిల్ల పేరు లేదు. దీక్షలు, బంద్‌లు, రాస్తారోకోలు సాగాయి. అధికార పార్టీ కార్యకర్తలకు అదొక ధర్మసంకటం. నినాదం ఇయ్యాలంటే సొంత సర్కారు మీదే ఇయ్యాలి. మా పక్కన చాప మీద కూర్చొని, పెదవులు మాత్రం కదిపేవాళ్ళు. ఆ అక్టోబర్ 11న, దసరా నాడు, రాజన్న సిరిసిల్ల జిల్లా వచ్చింది. మరునాటి నుంచి ఎవరి టెంట్ వాళ్ళదే.

నా అనుభవంలో ప్రతిపక్షం దోస్తులను చేస్తుంది, అధికారం వాళ్ళను విడగొడుతుంది. ఒక ఉప్మా పొట్లం నలుగురం పంచుకున్నప్పుడు ఎవరికి ఎంత అనే లెక్క రాలేదు. గెలిచిన ఆర్నెల్లకే సీసీ రోడ్డు బిల్లు దగ్గర మాటలు బంద్ అయిన జతలను అన్ని పార్టీల్లోనూ చూశాను. ఓడిన బాధకు, ఇంటి అప్పుకు మస్కట్ పోయిన మా దోస్తు ఒకడు ఇప్పటికీ కౌంటింగ్ రోజు తెల్లవారుజామునే వాయిస్ మెసేజ్ పెడతాడు. "ఎట్లుందే మనోళ్ళ పరిస్థితి?" వాడు ఊళ్ళో ఉండి కాంట్రాక్టులు చేస్తే ఆ "మనోళ్ళు" అనే మాట నిలిచేదా? నాకు నమ్మకం లేదు.

2023 డిసెంబర్ 3 మా దగ్గర విచిత్రమైన రోజు. రాష్ట్రంలో సర్కారు మారింది, సిరిసిల్లలో ఎమ్మెల్యే మారలేదు. చౌరస్తాలో రెండు గుంపులూ పటాకులు కాల్చాయి. రెండు గుంపుల మొహాల్లోనూ ఏదో తక్కువైంది. ఇక ప్రతిపక్షం ఎవరు? పింఛను ఆగిన అవ్వ ఎవరి దగ్గరికి పోవాలి? ఎమ్మెల్యే మనుషులు సర్కారును అడగమన్నారు, సర్కారు మనుషులు ఎమ్మెల్యేను అడగమన్నారు. అవ్వ నా దగ్గరికి వచ్చింది. దరఖాస్తు రాసిచ్చాను. చెయ్యి అలవాటు పోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక మాపటేళ, వరుసకు అల్లుడయ్యే పిల్లగాడు గేటు తీసుకొని వచ్చాడు. పదేళ్ళు ఎదుటి కండువా వేసుకొని నన్ను ఠాణా జీపు ఎక్కిస్తుంటే చూసి నవ్వినవాడే. చెప్పులు విడిచి, మంచం కొసన కూర్చున్నాడు.

"మామా, బొమ్మ ఎట్ల కట్టాలె? మావోళ్ళల్ల ఒక్కనికి రాదు. పదేండ్లు ఫ్లెక్సీలకు పాలాభిషేకాలే చేస్తిమి."

ఎవరి బొమ్మ అని నేను అడగలేదు. అడిగితే ఇద్దరికీ ఇబ్బంది. పెరట్లోకి తీసుకుపోయి గడ్డి చూపించాను, సుతిలి ముడి నేర్పాను, నడుము దగ్గర ఎంత బిగించాలో రెండుసార్లు విప్పి కట్టించాను. మా ఇంటామె ఏమీ అనకుండా లోపలికి పోయి, మోచేతి దగ్గర చినిగిన నా తెల్లచొక్కా తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు చొక్కాను చంకలో పెట్టుకొని గేటు దాకా పోయాడు, బండి స్టార్ట్ చేశాడు.

ఇంకో ముచ్చట మిగిలే ఉంది. చెప్పాలా, మింగాలా అని నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. వాడు గేరు వేశాడు.

"ఓ అల్లుడా, ఆగరా! ప్యాంట్లు రెండున్నయా?"