నల్లమలయు మన యాత్రారచనలును

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములయందు కొండ యన్నది లేదు. మన పిల్లలు కొండను మొదట పుస్తకమునందే చూతురు. కాని మనము దున్ను నేల కృష్ణ మోసికొనివచ్చిన ఒండ్రు. మన కాలువలకు వచ్చు కృష్ణనీరు నల్లమలను చీల్చుకొని, శ్రీశైలముక్రిందుగ దిగివచ్చిన నీరు. కావున నల్లమలనుగూర్చిన యాత్రారచనలను వినోదముగ చదివి విడిచిపెట్టుటకు వీలులేదు. వాని గుణదోషములను విచారింపవలసినవారిలో మనమే మొదటివారము.

ఇటీవల పత్రికలయందు వచ్చుచున్న శ్రీశైలయాత్రా వ్యాసములను పెక్కింటిని చదివితిమి. బస్సు ఏ వేళకు కదలినదియు, ఫలాహార మెచ్చట దొరకినదియు, గదికి అద్దె యెంతయైనదియు వానిలో తప్పక యుండును. కొండవద్దకు వచ్చుసరికి 'కనులపండువు', 'వర్ణనాతీతము' అను రెండు మాటలతో కలము నిలిచిపోవును. వర్ణింప బూనినవాడు వర్ణనాతీతమనుట, తాను సరిగ చూడలేదనుటను మర్యాదగ చెప్పుటయే. దండి స్వభావోక్తిని అలంకారములలో మొదటిదానిగ నెంచెను. ఉన్నదానిని ఉన్నట్లు చూపుటయు నొక శిల్పమేయని దాని భావము.

ఈ లోపమునకు వాహనములే కారణమని కొందఱందురు. పూర్వులు నడచిరి గనుక చూచిరి. నేటివారు పరుగెత్తుచున్నారు గనుక చూడలేరు అని వారి వాదము. దీనిని పరీక్షింతము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిరి. వారి 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చుపడెను. అందలి శ్రీశైలఘట్టమున ప్రకృతివర్ణన మిక్కిలి కొంచెము. దారి యెట్లున్నది, నీరెచ్చట దొరకును, కర్నూలు నవాబు యాత్రికులనుండి పన్నెట్లు గొనుచున్నాడు, గుడికి దానివలన మేలేల కలుగలేదు అను సంగతులే యెక్కువ. అయినను చదువరికి కొండ కనబడును. మఱి ఆయన ప్రయాణము చాలవఱకు పల్లకిలో సాగినది. నడచిన పాదములు బోయీలవి. భుజము కాయలుకాచిన ఆ బోయీలకు ఆ కనుమ యెట్లు తోచినదో చెప్పు గ్రంథము మనకు లేదు. కాబట్టి వీరాస్వామయ్యగారికి చూపునిచ్చినది నడక యని చెప్పరాదు. అడిగి తెలిసికొను బుద్ధి యని చెప్పవలెను.

రైలుమాట చూతము. పందొమ్మిదవ శతాబ్ది చివర గుంటూరునుండి నంద్యాలకు మీటరుగేజి దారి వేయుచు, దొరబావి లోయపై ఎత్తైన వంతెన కట్టి నల్లమలను దాటించిరి. 1908లో బందరునకు బెజవాడనుండి రైలు వచ్చెను. ఆంగ్లకవి వర్డ్సువర్తు 1844లో తన సరస్సులసీమకు రైలు వలదని వాదించెను. జనము గుంపులుగ వచ్చి యేకాంతమును చెఱతురని ఆయన భయము. ఈ వాదము మాకు సమ్మతము గాదు. పల్లకి లేని పేదకును, కాలుసాగని ముదుసలికిని కొండదారి తెఱచినది రైలే. అయితే నేడు బందరునుండి గుడివాడమీదుగ యశ్వంతపురము పోవు కొండవీడు ఎక్స్‌ప్రెస్సు నల్లమలను దాటునది రాత్రివేళ. దానిలో కొండను దాటిన మనవా రెందఱో కలరు, చూచినవారు అరుదు.

రోడ్డుపై పోవువాని కింతకంటె అవకాశము కలదు. దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు ఘాటురోడ్డు పులుల యభయారణ్యములోనిది గనుక, రాత్రివేళ అటవీశాఖవారు బండ్లను ఆపుదురు. మేము చదివిన వ్యాసములలో ఇది యొక యాటంకముగనే పేర్కొనబడినది. ఎవరి సంచారమునకై తాము నిలువవలసివచ్చెనో యొక్కరును వ్రాయలేదు. చెంచుల పెంటలు ఆ యడవిలోనే యున్నను, ఈ వ్యాసములలో చెంచు తేనె యమ్మువాడుగ మాత్రమే కనబడి మఱుగగును.

ఇక ఆకాశమార్గము. 2024 నవంబరు 9న బెజవాడయొద్ద కృష్ణలోనుండి లేచి శ్రీశైలజలాశయముపై దిగునట్లు ఒక నీటివిమానమును ప్రయోగముగ నడపిరి. ఇట్టి ప్రయాణము నిత్యమైనచో యాత్రారచన నశించునా? రఘువంశము పదమూడవ సర్గమున శ్రీరాముడు పుష్పకమునుండి సీతకు పంపను, గోదావరిని, పంచవటిని, చిత్రకూటమును చూపును. ఆ వర్ణన అంత నిండుగ నుండుటకు హేతువేమి? ఆ భూములయందు వారు కొంతకాలము కలసి నడచిరి. కొన్నిచోట్ల ఆయన ఆమెను వెదకుచు ఏడ్చెను. క్రింద తెలిసియున్నదే పైనుండి కనబడినది. నీటివిమానమెక్కువాడును జలాశయము క్రింద మునిగిన పల్లెలున్నవనియు, దివిసీమకు చేరవలసిన ఒండ్రు అచ్చటనే పేరుకొనుచున్నదనియు ఎఱిగియుండెనేని, అతని వ్యాసము వీరాస్వామయ్యగారి రచనకు తీసిపోదు.

కావున ఏ వాహనముపై పోయినను యాత్రారచయిత మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తర మీయవలెను: నన్ను మోసిన దెవరు? ఇచ్చట బ్రదుకువారెవరు? ఇచ్చటినుండి మా యూరికి వచ్చున దేమి? ఉపాధ్యాయులు బాలురచేత విహారయాత్రా వ్యాసములు వ్రాయించునప్పుడు ఈ మూటిని ముందుగ నల్లబల్లపై వ్రాయుట మేలు. పత్రికాధిపతులును 'వర్ణనాతీతము' అను మాట కనబడిన వ్యాసమును త్రిప్పి పంపి, మఱల చూచి వ్రాయుడని కోరుదురుగాక.