పాతపటాల సాక్ష్యం – లోహశోధకుల వేట

భూమిలో కప్పబడి ఉన్న పాత వస్తువులను యంత్రంతో వెదకడం ఇంగ్లండులో నేడు వేలాదిమందికి అభిరుచిగా పరిణమించింది. పంట కోసిన చేలలో యంత్రం ఒక చేతా, చిన్న పార మరొక చేతా పట్టుకొని తిరిగేవారు ఆ దేశంలో అన్ని మూలలా కనబడతారు. వీరికోసం వెలువడే కరదీపికలు దాదాపు ఒకే మాట ఉపదేశిస్తవి: ముందు పాతపటం చూడండి; మాయమైన బాట, కూలిపోయిన సత్రం, పాడుపడిన పల్లె ఎక్కడ ఉండేవో గుర్తించండి; ఆ చోటనే వెదకండి. ఈ ఉపదేశంలో నిజమెంత, అతిశయోక్తి ఎంత అన్నది విచారింపదగిన విషయం. ఒక విధంగా ఇది శాస్త్రపద్ధతికి సంబంధించిన ప్రశ్న కూడాను. పటాన్ని సాక్షిగా పిలిచినప్పుడు, ఆ సాక్షిని ఏ మేరకు నమ్మవచ్చును?

యంత్రం శక్తి ఎంత?

లోహశోధక యంత్రం సూత్రం సులభమైనది. తీగచుట్టలో దిశ మారుతూ ప్రవహించే విద్యుత్తు, దానిచుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. ఆ క్షేత్రంలో లోహపు తునక ఉంటే, దానిలో చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుడతవి. వాటి ప్రభావాన్ని యంత్రం గ్రహించి శబ్దరూపంలో తెలుపుతుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహంలో చిక్కుకొన్న తుపాకిగుండును కనుగొనడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇట్టి సాధనాన్నే ప్రయోగించాడు, కాని ఫలించలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో మందుపాతరలను కనిపెట్టడానికి ఇదే సూత్రం వేలాది సైనికులను కాపాడింది.

అయితే ఈ యంత్రానికి దూరదృష్టి లేదు. నాణెమంత వస్తువును అది సాధారణంగా 20, 30 సెంటీమీటర్ల లోతువరకే పసిగట్టగలదు. అటూ ఇటూ ఊపుతూ నడిచే మనిషి ఒకసారికి మీటరున్నర వెడల్పు నేలను మాత్రమే పరీక్షించగలడు. ఒక పెద్ద చేను పూర్తిగా వెదకడానికి రోజులు పడుతుంది. కనుక ఎక్కడ వెదకాలో ముందుగా చెప్పే సాధనమేదైనా విలువైనదే. పాతపటానికి ఇంత గిరాకీ రావడానికి కారణం ఇదే.

ఎవరు, ఎందుకు గీశారు?

బ్రిటనులో పాతపటాలకు కొదవ లేదు. 1836 నాటి చట్టం ప్రకారం, చర్చికి పంటరూపంలో చెల్లించే దశమభాగాన్ని రొక్కంగా మార్చవలసి వచ్చినప్పుడు, ఊరూరికీ పటాలు తయారైనవి. వాటిలో ప్రతి చేనుకూ ఒక అంకె ఉంటుంది. జతగా ఉండే పట్టికలో ఆ చేని పేరు, యజమాని, కౌలుదారు, విస్తీర్ణం కనబడతవి. ఇక 1791లో స్థాపించబడిన ఆర్డ్‌నెన్స్ సర్వే శాఖ, ఫ్రెంచివారి దండయాత్ర భయంతో దక్షిణ తీరాన్ని కొలవడం మొదలుపెట్టి, 1801లో కెంటు మండలపు పటాన్ని మొదటగా వెలువరించింది. తరువాతి కాలంలో మైలుకు ఆరంగుళాల పటాలూ, ఇరవై ఐదంగుళాల పటాలూ వచ్చినవి.

కరదీపికలు ఈ పటాలనన్నిటినీ ఒకే గాట కట్టడం వాటి మొదటి లోపం. పన్ను కోసం గీసిన పటం పన్నుకు కావలసినదానినే శ్రద్ధగా చూపుతుంది. పన్ను పడని గుడిసె, సంవత్సరానికొకసారి జరిగే సంత, మనుషులు నడిచి చేసిన కాలిబాట దానిలో లేకపోవచ్చును. దశమభాగపు పటాలలో ఆరోవంతు మాత్రమే కొలతల విషయంలో ప్రథమశ్రేణివిగా ముద్ర పొందినవి. మిగిలినవి అంతకుముందున్న పటాలను చూసి ఎత్తిరాసినవీ, తక్కువ శ్రద్ధతో కొలిచినవీ. సైన్యం కోసం గీసిన పటమో, దారులనూ ఎత్తుపల్లాలనూ ముందుగా చూపుతుంది. పటంలో ఒక వస్తువు లేకపోవడం ఆ చోట అది లేదనడానికి సాక్ష్యం కాజాలదు.

రెండవ లోపం కొలతకు సంబంధించినది. మైలుకు ఒక అంగుళం చొప్పున గీసిన పటంలో నేలపై 63,360 అంగుళాలు కాగితంపై ఒక అంగుళమవుతవి. అటువంటి పటంపై అర మిల్లీమీటరు మందం గల గీత నేలమీద దాదాపు 32 మీటర్ల పట్టీని కప్పుతుంది. ఆరంగుళాల పటంలో అదే గీత 5 మీటర్లు; ఇరవై ఐదంగుళాల పటంలో సుమారు మీటరుంబావు. యంత్రపు వెడల్పు మీటరున్నర అని పైన చూశాము. అనగా మొదటి రకపు పటం ఊరి పొలిమేరను చెప్పగలదే గాని, ఏ చాలులో యంత్రం పెట్టాలో చెప్పజాలదు. పైగా కాగితం తేమకూ ఎండకూ సాగుతుంది, ముడుచుకుంటుంది. నూటికి ఒక పాలు ముడుచుకొన్నా, కిలోమీటరు దూరంలో 10 మీటర్లు తేడా వస్తుంది.

నేడు పాతపటాన్ని గణకయంత్రంపై కొత్తపటంతో సరిపెట్టి చూడడం సులభమైంది. చర్చిగోపురం, వంతెన, బాటల కూడలి వంటి మారని గుర్తులు రెండు పటాలలోనూ గుర్తించి, వాటి ఆధారంగా పాతపటాన్ని సాగదీసి కొత్తదానిపై పరుస్తారు. కాని సరిపెట్టడానికి వాడిన గుర్తులవద్ద తప్పు కనబడకపోవడం సహజమే. వాటికి దూరంగా మరికొన్ని గుర్తులు వేరుగా పరీక్షించి, అక్కడ ఎంత తేడా వస్తున్నదో చూచినప్పుడే ఆ పని నమ్మదగినదవుతుంది. తెరమీద గీతలు ముచ్చటగా కలిసిపోవడం చూచి తృప్తిపడేవారు ఈ పరీక్ష చేయరు.

బాస్వర్తు నేర్పిన పాఠం

పటాలనూ యంత్రాన్నీ సరిగా జోడిస్తే ఏమి సాధించవచ్చునో బాస్వర్తు యుద్ధభూమి చరిత్ర చెబుతుంది. 1485 ఆగస్టు 22న లెస్టర్‌షైరులో జరిగిన ఆ యుద్ధంలో మూడవ రిచర్డు మరణించాడు. హెన్రీ ట్యూడరు రాజైనాడు. యుద్ధం జరిగినదని అందరికీ తెలుసును గాని, సరిగా ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియలేదు. 1788లో విలియం హట్టన్ రాసిన పుస్తకం అంబియన్ కొండను యుద్ధస్థలంగా నిర్ణయించింది. ఆ అభిప్రాయమే తరువాతి రచనలలోకీ, పటాలలోకీ ఎక్కింది. 1974లో యాత్రికుల కేంద్రాన్ని కూడా అక్కడనే తెరిచారు. పటంలో అచ్చుపడిన గుర్తు, సాక్ష్యంగా కాక ఒక పండితుని ఊహకు ప్రతిధ్వనిగా కూడా ఉండవచ్చుననడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఆ పిమ్మట పీటర్ ఫాస్ అనే పరిశోధకుడు, యుద్ధానికి తొలినాళ్ళలో ఉండిన 'రెడిమోర్' అనే పేరును పట్టుకొని, రెల్లు పెరిగే చిత్తడినేల అని దానికి అర్థం చెప్పి, కొండపైన గాక పల్లపు నేలలో వెదకాలని వాదించాడు. 2005లో గ్లెన్ ఫోర్డ్ నాయకత్వాన కొత్త పరిశోధన మొదలైంది. ఆ బృందం ముందుగా యంత్రం పట్టలేదు. పాత దస్తావేజులూ, పటాలూ, చేల పేర్లూ సేకరించి, 15వ శతాబ్దిలో ఆ ఊళ్ళ సాగుభూములు ఎక్కడ, బీళ్ళు ఎక్కడ, చిత్తడి ఎక్కడ అన్నది తిరిగి నిర్మించింది. మట్టిని పరీక్షించి, ఏ చిత్తడి యుద్ధకాలానికి నిజంగా ఉండినదో, ఏది అంతకుముందే ఎండిపోయినదో తేల్చింది. అటుపైన చేలలో సమాంతరంగా గీతలు గీసుకొన్నట్లు నడుస్తూ, దొరికిన ప్రతి వస్తువు స్థానాన్నీ నమోదు చేసింది.

సంవత్సరాల తరబడి చెప్పుకోదగినదేదీ దొరకలేదు. 2009లో సీసపు ఫిరంగిగుండు ఒకటి బయటపడింది. క్రమంగా అట్టివి ముప్పైకి పైగా దొరికినవి. ఒకప్పటి చిత్తడినేల అంచున, రిచర్డు చిహ్నమైన అడవిపంది ఆకారంలో బంగారుపూత గల చిన్న వెండి బిళ్ళ లభించింది. యుద్ధస్థలం అంబియన్ కొండకు నైరుతిదిశగా మూడు కిలోమీటర్లంత దూరంలో, పాత రోమను బాటకు ఇరువైపులా ఉన్నదని 2010లో ప్రకటించారు.

ఈ ఫలితంలో గమనింపవలసినవి రెండు. ఒకటి: పటం జవాబు చెప్పలేదు, ప్రశ్నను సరిగా అడగడానికి తోడ్పడింది. రెండవది: ఏమీ దొరకని చేలు కూడా సాక్ష్యమే అయినవి. ఇక్కడ వెదికాము, లేదు అని రాసి ఉంచబట్టే, గుండ్లు దొరికిన చోటికి అంత విలువ వచ్చింది. అభిరుచితో వెదికేవారు ఖాళీగా తిరిగివచ్చిన రోజును లెక్కలో రాయరు. ఇనుపముక్కల శబ్దం విసుగు పుట్టిస్తుందని, యంత్రం వాటిని పట్టించుకోకుండా అమర్చుకొనేవారూ కలరు. యుద్ధభూమిలో ఇనుపముక్క కూడా ఒక సాక్షి అని వారికి తోచదు.

విజయగాథలలోని లోటు

కరదీపికలు పెద్ద నిధుల కథలను పదే పదే చెబుతవి. కాని ఆ కథలను శోధిస్తే పటానికి దక్కే ఘనత తక్కువే. 1992లో సఫోకు మండలం హాక్స్‌న్ గ్రామంలో సుమారు 15,000 రోమను నాణేలతో కూడిన నిధి దొరికింది. దానిని కనుగొన్న వ్యక్తి, ఒక రైతు పోగొట్టుకొన్న సుత్తిని వెదకుతున్నాడు! 2009లో స్టాఫర్డ్‌షైరులో దొరికిన ఆంగ్లోశాక్సను బంగారు నిధి, వాట్లింగ్ స్ట్రీట్ అనే రోమను బాటకు చేరువలో ఉన్నది. అందుకని బాట పక్కన వెదకండి అని ఉపదేశించడం తేలిక. కాని ఆ బాట వందల కిలోమీటర్లు సాగుతుంది. దాని పక్కన వెదికి ఉత్తచేతులతో ఇల్లు చేరినవారి లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. గెలిచినవారిని మాత్రమే లెక్కించి పద్ధతి మంచిదనడం, లాటరీలో గెలిచినవానిని చూపి లాటరీ లాభసాటి వ్యాపారమనడం వంటిదే.

హాక్స్‌న్ విషయంలో మెచ్చుకోదగినది వేరొకటి ఉన్నది. దొరికిన వెంటనే ఆ వ్యక్తి తవ్వకం ఆపి కబురు చేశాడు. పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి వరుసగా తీయడం వలన, వస్తువులు కొయ్యపెట్టెలో, దానిలోని చిన్న చిన్న పెట్టెలలో ఏ క్రమంలో సర్దబడి ఉండినవో తెలిసింది. దీనికి విరుద్ధమైన కథ లెమ్‌స్టర్ సమీపాన 2015లో జరిగింది. 9వ శతాబ్దినాటి సుమారు 300 నాణేల నిధిని కనుగొన్నవారు దానిని దాచి అమ్ముకొన్నారు. 2019లో వారికి శిక్ష పడిందిగాని, నాణేలలో ఎక్కువ భాగం చేతికి రాలేదు. దొరికిన కొద్ది నాణేలపై వెసెక్సు రాజు ఆల్ఫ్రెడ్డూ, మెర్షియా రాజు రెండవ చెయోల్‌వుల్ఫూ సరిసమానంగా పక్కపక్కన కనబడతారు. ఆ ఇద్దరి మైత్రినిగూర్చి పోయిన నాణేలు ఇంకా ఏమి చెప్పి ఉండేవో ఎన్నటికీ తెలియదు.

దున్నిన పైపొరలోని వస్తువు ఎలాగూ చెదిరినదే గదా, తీస్తే నష్టమేమి అని కొందరు వాదిస్తారు. నాగలి వస్తువును చెదరగొట్టేది కొన్ని మీటర్లే. కనుక దాని స్థానం రాసి ఉంచితే అర్థం నిలుస్తుంది. 1997లో ఇంగ్లండు, వేల్సులలో ప్రారంభమైన పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకంలో పది లక్షలకు మించిన వస్తువులు నమోదు కావడం ఈ మాటకు రుజువు. దున్నని లోపలి పొరను తవ్వడం మాత్రం పుస్తకాన్ని చదవకముందే చించివేయడమే.

తెలుగుదేశానికి దీనితో పని ఏమి?

తెలుగు పల్లెల పొలాలకూ ఇట్టి పేర్లు కలవు. ఊరికి వెలుపల 'పాటిదిబ్బ', 'పాటిచేను' అంటే పూర్వం ఊరు ఉండి పాడుపడిన చోటు. అక్కడి పాటిమన్నును రైతులు బండ్లతో ఎరువుగా తోలుకొన్నారు. భట్టిప్రోలులో జనం లంజదిబ్బ అని పిలిచిన మట్టిదిబ్బ బౌద్ధస్తూపమని తేలి, 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకంలో ధాతుకరండాలు బయటపడినవి. అమరావతిలో కర్నల్ మెకంజీ 18వ శతాబ్ది చివర చూచిన స్తూపపు దిబ్బ, 1816లో మరల వచ్చేసరికి చాలావరకు తవ్వబడి, రాళ్ళు కట్టడాలకు పోయినవి. అప్పుడు అతని చిత్రకారులు గీసిన పటాలూ చిత్రాలే, పోయిన శిల్పాలకు నేడు ఆధారాలు. అక్కడ పటం నిధికి దారి చూపలేదు. నాశనమైనదాని జ్ఞాపకాన్ని నిలిపింది.

గుప్తనిధుల పేరిట పాత గుడులనూ, దిబ్బలనూ రాత్రివేళ తవ్వుతున్నారన్న వార్తలు తెలుగు పత్రికలలో తరచు కనబడుతూనే ఉన్నవి. అట్టివారి చేతికి యంత్రమూ పటమూ రెండూ చేరడం అమరావతి కథను మళ్ళీ జరిపించడమే. ఇంగ్లండు నియమాలు భారతదేశానికి వర్తించవు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పదిరూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలుపవలసి ఉన్నది. రక్షిత స్థలాలలో అనుమతి లేని తవ్వకాన్ని 1958 నాటి పురాతన కట్టడాల చట్టం నేరంగా పరిగణిస్తుంది.

మొత్తంమీద కరదీపికల ఉపదేశం సగం నిజం. పాతపటం చూడవలసిందే, కాని అది ఎవరు, ఎందుకు, ఏ కొలతలో గీసినదో విచారించి చూడవలసి ఉన్నది. దానితో దస్తావేజూ, చేని పేరూ, మట్టీ ఏకీభవిస్తున్నవా అని అడగాలి. వెదికిన ప్రతి చోటునూ, దొరకని చోటుతో సహా, రాసి ఉంచాలి. గ్రామపటంలో పాటిదిబ్బ కనబడినప్పుడు, దానిని తవ్వకముందు పురావస్తుశాఖకు చూపడం ఉత్తమం. ఆ దిబ్బ ఒక్కసారే చదవడానికి వీలైన గ్రంథం.