పాత్రకు బట్ట కట్టే చేతులు

1982లో వచ్చిన రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’లో యువ బారిస్టరు సూటు, టైలతో దక్షిణాఫ్రికా రైల్లో కూర్చుంటాడు. కథ సాగేకొద్దీ ఒంటిమీది బట్ట తగ్గుతూ వచ్చి కొల్లాయి మిగులుతుంది. ఆ మనిషి ఎంత దూరం వచ్చాడో చెప్పడానికి వేరే మాటలు అక్కర్లేదు. ఆ దుస్తులకే కొల్హాపూర్‌లో పుట్టిన భాను అథైయా, జాన్ మోలోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకున్నారు. ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలు ఆవిడే.

ఆ బహుమతికన్నా నన్ను కట్టిపడేసేది ఆ పనిలోని ఓపిక. తెరమీద కొత్తబట్ట ఇట్టే దొరికిపోతుంది. కూలివాడి పంచె నిజంగా వాడినట్టుండాలంటే దాన్ని పదేపదే ఉతకాలి, మోకాళ్ల దగ్గర రుద్దాలి, టీ నీళ్లలో ముంచి తెలుపు చంపాలి, అంచు పోగులు లాగాలి. ఇంత చేసీ ఆ శ్రమ ఎవరి కంటా పడకూడదు! దర్జీలకూ రంగులద్దేవాళ్లకూ మనం చప్పట్లు బాకీ ఉన్నాం.

మన ‘మాయాబజార్’ (1957)లో మాయాశశిరేఖ సంగతి మరీ గమ్మత్తు. వేషం అచ్చంగా రాకుమారిది, లోపలున్నది ఘటోత్కచుడు. ఆ చీరా నగలూ అంత నాజూగ్గా అమరబట్టే, సావిత్రి మగరాయుడిలా అడుగేయగానే హాలంతా గొల్లుమంటుంది.